ముందు గదిలో సవతి

సవతి మా ఇంటికి పాత ఇనుము మోసే ట్రాలీలో వచ్చింది. ముందు చక్రం విడిగా, పెట్రోలు ట్యాంకు విడిగా, మిగతాదంతా తాళ్లతో బిగించి కట్టిన ఒక తుప్పు ముద్ద. సీటు ఉండవలసిన చోట ఏ కోడో పొదిగి లేచిపోయినట్టుంది, గడ్డీ ఈకలూ అలాగే ఉన్నాయి. మా ఆయన చేతికర్ర గోడకు ఆనించి, ఆ ముద్దను ఒళ్లంతా తడిమి చూసి, "మా మామయ్య బండి" అన్నాడు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా ఆయన అంత శ్రద్ధగా చూసినట్టు గుర్తు లేదు. అందుకే ఆ రోజు నుంచీ దాన్ని నేను సవతి అనే పిలిచాను.

ఆ మామయ్య పోయి చాలా కాలమైంది. ఆయన పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ, వెనక పాకలో పడి ఉన్న మోటారు సైకిలును తూకానికి అమ్మేసే ముందు ఒక మాట అడుగుదామని ఫోన్ చేశారు. అడక్కపోయినా బాగుండేది. మా ఆయన మీసాలు రాకముందే ఆ బండి మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడట. దాని మీద నేర్చుకున్న చేతులే తర్వాత సిటీ బస్సు స్టీరింగు పట్టుకున్నాయని ఆయన లెక్క.

బస్సు సంగతి కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం స్టాపు దగ్గరికి వస్తూ ఉండగా బ్రేకు మీదున్న ఆయన కుడి కాలు మొద్దుబారిపోయింది. నొక్కాననుకున్నాడు, నొక్కలేదు. బస్సు ఎవరినీ తాకలేదు గాని, జనం నిలబడే రేకుల షెడ్డును పడదోసి ఆగింది. అదృష్టం కొద్దీ అప్పుడు షెడ్డులో ఎవరూ లేరు. కాలిలో రక్తం గడ్డకట్టిందన్నారు, ఆపరేషన్ చేశారు. కాలు దక్కింది గాని మోకాలు వంగడం మానేసింది. డిపో వాళ్లు పూలదండ వేసి ఇంటికి పంపేశారు. అంతకుముందు కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రోడ్డు మీద వెళ్లే ప్రతి బస్సుకూ డ్రైవరు గేరు ఎక్కడ తప్పు వేశాడో చెప్పడం మొదలుపెట్టాడు.

నేను సోఫాలు కుట్టే కార్ఖానాలో పని చేస్తాను. వారమంతా రెగ్జిను కత్తిరించడం, కుట్టడం, ఫోము నింపడం. సాయంత్రం ఇంటికొచ్చాక వంట, గిన్నెలు, ఆయన కాలికి నూనె రాసి నెమ్మదిగా వంచే ప్రయత్నం. ఇక ఆదివారం. కాలికి కసరత్తు చేయించే క్లినిక్కు ఊరికి అటు చివర ఉంది. రెండు బస్సులు మారాలి. ఎక్కేటప్పుడు ఆయన నా ఎడమ భుజం పట్టుకుంటాడు, దిగేటప్పుడు ఆ భుజం మీదే ఒళ్లంతా వాలుస్తాడు. నా బట్టలు నేనే కుట్టుకుంటాను కాబట్టి నాకు తెలుసు, ఆ భుజం రెండోదాని కన్నా కాస్త దిగింది.

నాకు కావలసింది ఒక్కటే. ఆదివారం పొద్దున నిద్ర. ఎవరూ లేపని నిద్ర, ఎండ మంచం మీదికి వచ్చేదాకా. కొందరు ఆడవాళ్లు నగలు కోరుకుంటారు, కొందరు ఊళ్లు తిరగాలనుకుంటారు. నేను బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి, నా మంచం మీద నేను పడుకుని ఉన్నట్టు ఊహించుకునేదాన్ని.

బండి వచ్చిన రోజు నేను గొడవ పెట్టుకోబోతే ఆయన ఒక మాట అన్నాడు. "దీన్ని బాగు చేశాననుకో, ఇక ఆదివారం నువ్వు బస్సులు ఎక్కే పని ఉండదు."

ఆ మాట విన్నాక నేను నోరు మూసుకున్నాను. ముందు గదిలో సోఫా నేనే వెనక్కి జరిపాను, తెల్ల నేల పాడవకుండా పాత రెగ్జిను పరిచాను. సవతికి కాపురం పెట్టించిన ఘనత నాదే.

ఇంజను పట్టేసి ఉంది. పిస్టన్ కదలడానికి ప్లగ్గు కన్నంలోంచి నూనె పోసి, రోజూ ఒక చెక్కముక్క పెట్టి సుతారంగా కొట్టేవాడు. నేను కార్ఖానా నుంచి వచ్చేసరికి అదే చప్పుడు. ట్యాంకు లోపలి తుప్పు రాలగొట్టడానికి అందులో నట్లూ బోల్టులూ పోసి, ఒళ్లో పెట్టుకుని ఊపేవాడు. నా పాలగిన్నెలో కార్బురేటరు నానబెట్టాడు. దాని సన్న కన్నాలు శుభ్రం చేయడానికి నా సూదుల పెట్టెలోంచి అన్నింటికన్నా సన్న సూది తీసుకున్నాడు, అడిగి తీసుకున్నాడా అంటే లేదు. ఒకరోజు పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న వాసన వస్తే, పోనీలే ఇవాళ వంట చేశాడని సంబరపడి మూత తీశాను. నూనెలో బాల్ బేరింగు వేడెక్కుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ పక్క పొయ్యి మీద టీ పెట్టుకున్నాను.

మా వదిన, అంటే ఆయన అక్క, అప్పుడప్పుడూ చూడ్డానికి వచ్చేది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడపలోనే నిలబడి, "గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఒక కుంటివాడు చాలలేదని ఇంకో కుంటిదాన్ని తెచ్చి పెట్టుకున్నారు" అని జాలిపడేది. ఎవరి మీద జాలిపడిందో ఇప్పటికీ తెలియదు. ఆయన నవ్వి, అక్కకు బండి గొప్పలు మొదలుపెట్టేవాడు. వచ్చిన ప్రతివాడికీ అదే పాఠం. ఇప్పటి బండ్లలాగా కాదు, ఆ కాలం బండ్లలో అన్నీ తలకిందులట. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. పాల వాడికి చెప్పాడు, కరెంటు మీటరు చూసేవాడికి చెప్పాడు, చివరికి గోడకు సున్నం వేయడానికి వచ్చినవాడు కూడా ఎడమ కాలితో బ్రేకు వేసి చూపించి వెళ్లాడు.

ఇంజను ఊపిరి పోసుకున్న రోజు మాత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఆయన కుడి కాలితో కిక్ కొట్టలేడు. బండి పక్కన నిలబడి, వంగని కాలును కర్రలా నేలకు ఆనించి, ఎడమ కాలితో కొట్టాడు. పొగ, దగ్గు, మళ్లీ పొగ. తర్వాత ఒక్కసారిగా గదిలో కిటికీ అద్దాలు అదిరాయి. ఆయన నా వైపు చూసి ఏదో అన్నాడు, వినపడలేదు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను. ఆపరేషన్ తర్వాత అప్పటిదాకా ఆ ముఖం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత మార్పులు మొదలయ్యాయి. బండి పాత రూపంలోనే ఉండాలని ఆయనకు పట్టింపు లేదు. మా వీధి చివర వెల్డరు ఉన్నాడు, మాటకు ముందు నిప్పురవ్వ విసిరే మనిషి కాబట్టి అందరూ మెరుపు అంటారు. వాళ్లిద్దరూ కలిసి సైడ్ కారు ఒకటి గీసుకున్నారు. పక్కన ఇంకో చక్రం, దాని మీద మనిషి కూర్చునే తొట్టి. మూడు చక్రాలయితే ఆగినప్పుడు కాలు కింద పెట్టక్కర్లేదు, బండి పడదు. ఇది విని నేను మనసులో మెరుపుకు దండం పెట్టాను. కాలు వంగని మనిషి ఒక్కడే ధైర్యంగా వెళ్లిరావడానికి ఇంతకన్నా ఏం కావాలి? గేరు సంగతేమిటని అడిగాను, కుడి కాలితో వేయాలి కదా అని. ఆయన చెవిలో పడనట్టు స్పోకులు బిగించుకుంటూ ఉండిపోయాడు. చూసుకుంటాడులే అనుకున్నాను.

చివరికి సీటు నా వంతుకు వచ్చింది. అట్టముక్క మీద గీసి ఇచ్చాడు, ఇంత వెడల్పు, ఇంత పొడుగు, ఫోము రెండు వేళ్ల మందం చాలు అన్నాడు. చూడగానే తప్పని తెలిసింది. మా వృత్తిలో మొదట నేర్చుకునేది ఇదే: కొలత ఇచ్చేవాడి మాట వినాలి గాని నమ్మకూడదు. ఎవరూ తమ ఒళ్లు ఎంతుందో ఉన్నదున్నట్టు ఒప్పుకోరు. మనిషి కూర్చుని లేచాక కుషను మీద ఎంత గుంట పడుతుందో నా కంటికి తెలుసు. ఆ అట్టముక్క మీద మా ఆయన కూర్చుంటే సగం మనిషి గాల్లో ఉంటాడు. వాదించి లాభం లేదని, అట్టముక్క పక్కన పడేసి నా కంటి కొలతతో కత్తిరించాను. మెరుపుతో చెప్పి కింది రేకు వెడల్పు చేయించాను. ఫోము ఎత్తు పెంచాను, వంగని కాలు వైపు అంచు వాలుగా కోశాను, తొడకు ఒత్తుకోకుండా. కార్ఖానాలో ఒక పెద్ద సోఫాకు తెచ్చిన ముదురు ఎరుపు రెగ్జిను ముక్క మిగిలితే మేస్త్రిని అడిగి తెచ్చుకున్నాను. అంచులకు రెండు వరసల కుట్టు వేశాను. చేతివేళ్లు నొప్పెట్టినా ఆ పని మాత్రం ఇష్టంగా చేశాను. ఒక్కో కుట్టుకూ ఒక్కో ఆదివారం కనిపించింది నాకు.

సీటు తెచ్చి బిగించాను. ఆయన దూరం నుంచి చూశాడు, దగ్గరికొచ్చి చెయ్యి వేసి చూశాడు. ముఖం మారింది.

"ఎత్తు ఎక్కువైంది" అన్నాడు. "ఇంతెత్తయితే నీ కాళ్లు అందవు."

"నా కాళ్లెందుకు అందాలి?"

ఆయన కళ్లు హ్యాండిలు మీదికి పోయాయి. అప్పుడు నేను బండిని మొదటిసారి కుట్టుపని చేసే కళ్లతో చూశాను. హ్యాండిలు రెండు కొనలూ బాగా వెనక్కి వంచి ఉన్నాయి, పొట్టి చేతులకు అందేలా. కాళ్లు పెట్టుకునే కడ్డీలు పైకి జరిపి ఉన్నాయి. గేరు ఉన్నచోటే ఉంది, కుడి కాలికి. తొట్టి మాత్రం ముందుకు అనవసరంగా పొడుగ్గా ఉంది, ఒక మనిషి కాలు చాపుకుని కూర్చునేంత. రోజూ నాలాంటివాళ్లను కొలిచేదాన్ని, నా కొలతే గుర్తుపట్టలేకపోయాను. ఆ బండి నాకోసం కోసి కుట్టినట్టుంది.

"నడపాల్సింది నేనా?" అన్నాను.

"నేను నేర్పిస్తాగా. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది నీకు" అన్నాడు, గబగబా. "బస్సుల్లో నీ అవస్థ చూస్తూనే ఉన్నాను. ఇదయితే మన గుమ్మంలో ఎక్కి క్లినిక్ గుమ్మంలో దిగడమే. నీ భుజానికీ కాస్త సుఖం."

ఆయన దాన్ని నాకు కానుకగా ఇస్తున్నాడు. అన్నాళ్లూ గ్రీజులో మునిగి, నాకు చెప్పకుండా దాచుకుని, నాకోసమే చేశాడు. అది తెలిసి కోపం తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువైంది. కోపం కూడా కాదు అది. పడుకుందామని మంచం దాకా వెళ్లిన మనిషిని మళ్లీ పిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

"నాకు బండి వద్దు. నాకు నిద్ర కావాలి" అన్నాను. "ఇన్నాళ్లు భుజం మీద మోశాను. ఇకమీదట చక్రాల మీద మోయమంటున్నారు. నేను అలిసిపోయానండీ. మీరంటే ఇష్టం లేక కాదు, ఒంట్లో ఓపిక లేదు."

పెళ్లయ్యాక అంత మాట నేను ఎప్పుడూ అనలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు, ఆయనకు తోచింది పెట్టాడు. ఆయన నెమ్మదిగా పీట మీద కూర్చున్నాడు, వంగని కాలు ముందుకు చాపి.

"ఆ రోజు నేను నొక్కాననే అనుకున్నాను" అన్నాడు. "కాలు అబద్ధం చెప్పింది. ఇంకోసారి చెప్పదని ఏముంది? ఆ షెడ్డులో ఆ పూట ఎవరూ లేరు గాని, ఎప్పుడూ అలాగే ఉంటుందా?"

ఇంతకాలం కిటికీ పక్కన కూర్చుని ఆయన చూసింది బస్సుల్ని కాదని అప్పుడు అర్థమైంది. జాలేసింది. కానీ జాలిపడ్డ ప్రతిసారీ నా భుజం ఇంకొంచెం దిగుతూ వచ్చింది, అది కూడా ఆ నిమిషంలోనే అర్థమైంది.

"బ్రేకు ఎడమ కాలికి కదా" అన్నాను. "ఊరందరికీ చెప్పారు. సున్నం వేసేవాడికి కూడా చెప్పారు. మీ ఎడమ కాలు ఎప్పుడు అబద్ధం చెప్పింది?"

ఆయన నా వైపు చూశాడు, తర్వాత తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు.  నేను వెళ్లి గిన్నెలు తోముకున్నాను.

తర్వాత కొన్నాళ్లు ఇంట్లో మాటలు అవసరానికి మించి లేవు. ఆదివారం మామూలుగానే బస్సులెక్కాం, ఆయన మామూలుగానే నా భుజం పట్టుకున్నాడు, కాకపోతే బరువు వేయకుండా పట్టుకోవాలని చూసి ఒకసారి పడబోయాడు. బండి జోలికి పోలేదు. ఎర్ర సీటు మీద దుమ్ము చేరింది. వచ్చిపోయేవాళ్లు దాని మీద సంచులు పెట్టేవాళ్లు. ఇక ఇది పాత ఇనుముకే పోతుందనుకున్నాను. ఆ అనుకోవడం తేలిగ్గా ఏమీ లేదు.

ఒక సాయంత్రం నేను వచ్చేసరికి మెరుపు మా ముందు గదిలో బోర్లా పడుకుని ఉన్నాడు. గేరు దగ్గర్నుంచి ఒక ఇనుప కడ్డీ పైకి, ట్యాంకు పక్కదాకా లేచి ఉంది. దాని కొసకు గుండ్రటి నల్ల పిడి. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. ఆయన డిపోలో తోటి డ్రైవర్లను అడిగి తెప్పించుకున్న పాత బస్సు గేరు పిడి అది. కుడి చేత్తో దాన్ని వెనక్కి లాగి, ముందుకు తోసి చూస్తున్నాడు. హ్యాండిలు కొనలు మళ్లీ తిన్నగా వచ్చాయి, కడ్డీలు కిందికి దిగాయి. సీటు మాత్రం ముట్టుకోలేదు.

"సీటు కొలత సరిగ్గానే ఉంది" అన్నాడు, నా వైపు చూడకుండా.

వీధిలో తిరగడం మొదలుపెట్టాడు. ముందు మా సందులో, తర్వాత మైదానం చుట్టూ. నేను గుమ్మంలో నిలబడి చూడలేక వంటింట్లో ఉండేదాన్ని, చెవులు మాత్రం బయటే ఉండేవి. ఇంజను చప్పుడు ఆగిన ప్రతిసారీ చేతిలో పని ఆగేది. ఒకరోజు లోపలికి వచ్చి, ఈ ఆదివారం క్లినిక్కు బండి మీదే వెళ్తానన్నాడు. అని అక్కడే నిలబడ్డాడు. ఒక్కడే వెళ్లడానికి భయమని నోరు తెరిచి చెప్పడు, నాకు తెలుసు.

"ఈ ఒక్కసారి వస్తాను" అన్నాను. "తొట్టిలో కూర్చుంటాను, నోరు విప్పను. వచ్చే వారం నుంచి మీరే వెళ్లిరావాలి."

సరేనన్నాడు. నా నిద్ర ఇంకో వారం వెనక్కి పోయింది, సరే, ఇన్ని పోలేదా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మా వదిన ఫోన్ చేసి ఇద్దరూ ఒకేసారి పోతారా అని దీవించింది. తొట్టిలో ఆయన తనకోసం కట్టుకున్న మెత్త ఉంది, కాళ్లు బారెడు చాపుకోవచ్చు. మొదటి కూడలి దాకా నేను తొట్టి అంచు గట్టిగా పట్టుకుని, నా ఎడమ కాలితో లేని బ్రేకు నొక్కుతూ కూర్చున్నాను. రెండో కూడలి దగ్గర ఎర్ర దీపం పడింది. బండి నెమ్మదిగా, ఒక కుదుపు కూడా లేకుండా ఆగింది. ఆయన ఎడమ కాలు చూశాను. అది చేయాల్సింది చేసింది. కాళ్లు చాపుకున్నాను. ఇంజను ఒకే తీరున మోగుతోంది, గాలి ముఖానికి కొడుతోంది, నా భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. క్లినిక్ వీధి మలుపు వస్తోందని అనుకోవడం గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి చప్పుడు లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, కానీ నా ముఖం మీద పడటం లేదు. హ్యాండిలుకూ తొట్టికీ మధ్య ఆయన చొక్కా కట్టి ఉంది. ఆయన బనీనుతో ఎర్ర సీటు మీద కూర్చుని, పొడుగాటి గోదాముల గోడల మధ్య ఖాళీ రోడ్డును చూస్తున్నాడు. ఎక్కడున్నామో నాకు అంతుపట్టలేదు.

"క్లినిక్కు?" అన్నాను.

"దాటిపోయాం. ఆపితే నువ్వు లేస్తావని ఆపలేదు. అలా తిప్పుతూ ఉన్నాను."

"మరి ఇక్కడెందుకు ఆపారు?"

"నేనాపలేదు" అన్నాడు. "పెట్రోలు అయిపోయింది."

ఎంతసేపయిందని అడిగాను. చాలాసేపయిందన్నాడు. మరి లేపొచ్చుగా అన్నాను. ఆయన చొక్కా విప్పి తొడుక్కుంటూ, దేనికి అన్నాడు. బనీను దాటి కనిపించిన మెడా చేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

రోడ్డు చివర, కాస్త ఎత్తు మీద, పెట్రోలు బంకు కనిపిస్తోంది. నేను అలవాటుగా ఒక కాలు తొట్టి బయట పెట్టాను. తోయడం, మోయడం, భుజం ఇవ్వడం నా కాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"కూర్చో" అన్నాడు.

దిగి, చేతికర్ర తొట్టిలో నా పక్కన పడేశాడు. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి నేను కుట్టిన సీటు అంచు మీద వేసి తోశాడు. బండి కదల్లేదు. మళ్లీ తోశాడు, కదిలింది. ఒక అడుగు, ఆ వెనక ఈడ్చుకొచ్చే కాలు, మళ్లీ ఒక అడుగు. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. నా ఒంట్లో ప్రతి ఎముకా దిగు దిగు అంటోంది. బయట పెట్టిన కాలు లోపలికి తీసుకున్నాను. చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, తొట్టి అంచు రెండు చేతులా పట్టుకుని, బంకు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.